ముప్పై రెండు కౌంటీలూ, ఒక కుళాయీ

డబ్లిన్‌కి దూరంగా, లీట్రిమ్ కౌంటీ, డ్రమ్‌కీల్ ఊరు. 1954 వసంతకాలం, ఎన్నికల నామినేషన్లకు ఆఖరి రోజు, ఉదయం. వంటింట్లో పార్లమెంటు సభ్యుడు ఫీలిమ్ గిల్‌రేన్, ఆయన భార్య డీలియా.

“...నలభై మంది వీరులతో ఆ బ్రిటిష్ పోలీసు ఠాణా మీద విరుచుకుపడ్డాను!”

“పదకొండు మంది.”

“ఏంటి?”

“నలభై కాదు ఫీలిమ్, పదకొండు మంది. అందులో ఒకాయన తప్పిపోయిన గాడిదని వెతుక్కుంటూ వచ్చాడు. తల కదపకు, కాలర్ సరిచెయ్యనీ.”

“వచ్చాడా లేదా? వచ్చినవాడు వీరుడే. ఉపన్యాసంలో గాడిద సంగతి ఎందుకు?”

“పోనీ, ఠాణా ఖాళీగా ఉందన్న సంగతి?”

“ఖాళీ అని మాకేం తెలుసు? ముందురోజే వెళ్ళిపోతున్నామని పోలీసులు మాకేమైనా ఉత్తరం రాశారా? ఉన్నారనుకునే కాల్చాం. ఉన్నారనుకునే భయపడ్డాం. భయపడ్డామంటే అది యుద్ధమే డీలియా.”

“రెండు గంటలు కాల్చారు.”

“గంటన్నర.”

“ఆఖరికి లోపల్నించి పిల్లి బయటికొచ్చింది.”

“ఆ పిల్లి గురించి ఈ ముప్పై నాలుగేళ్ళలో నేనెక్కడా అనలేదు. నువ్వూ అనకు.”

“సరే, చదువు. తర్వాతేంటి?”

“తర్వాత జైలు. ‘బ్రిటిష్ వాళ్ళు వెళ్ళారు. కానీ ఉత్తరాన ఆరు కౌంటీలు వాళ్ళకే వదిలేసే ఒప్పందానికి తలొంచలేదని మనవాళ్ళే నన్ను జైల్లో పెట్టారు. ఇరవై మూడు రోజులు నిరాహారదీక్ష చేశాను. ఆ ఇరవై మూడు రోజులూ నా మనసులో దేశం తప్ప ఇంకో తలంపు లేదు!’”

“నువ్వప్పుడు రాసిన ఉత్తరాలు నాకింకా గుర్తే.”

“ఏం రాశాను?”

“‘డీలియా, నిన్న కల్లో ఉడకబెట్టిన క్యాబేజీ కనపడింది. పక్కన పందిమాంసం కూడా ఉంది. నువ్వు మాత్రం లేవు’ అని.”

“ఉండే ఉంటావు. వంటింట్లో ఉండుంటావు. మధ్యలో ఆపకు. ‘జైల్లో ఉండగానే ప్రజలు నన్ను పిలిచారు. ఆ పిలుపు విని ఎన్నికల బరిలోకి దూకాను’ — ఎందుకే ఆ నవ్వు?”

“దూకడమేంటి? నువ్వు జైల్లో దుప్పటి కప్పుకుని పడుకున్నావు. నీ ఎన్నికల ఏజెంటు జేమ్సీ ఉన్నాడే, వాళ్ళ నాన్న నీ పేరు రాసేసి, గెలిచాక వచ్చి చెప్పాడు.”

“‘గెలిచావయ్యా ఫీలిమ్’ అన్నాడు. నేను ‘దేంట్లో?’ అన్నాను.”

“అది చెప్పు. అది బావుంది.”

“నాయకుడన్నవాడు ‘దేంట్లో’ అనకూడదు డీలియా.”

“ఆ తర్వాత నాలుగేళ్ళు సభ మొహమే చూడలేదు.”

“బ్రిటిష్ రాజుగారికి విధేయుణ్ణని సంతకం పెట్టమంటే ఎలా చూస్తాను? గెలవాలి, వెళ్ళకూడదు. అదీ మా నియమం!”

“ఆ నియమంతోనే నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుని నా కోళ్ళని తరిమావు.”

“తర్వాత వెళ్ళాను కదా.”

“సంతకం పెట్టి.”

“ఎడంచేత్తో! వెయ్యిసార్లు చెప్పాను, ఎడంచేత్తో పెట్టాను. కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఈ కుడిచెయ్యి ఇవాళ్టికీ ఏ రాజుకీ లొంగలేదు.”

“మరి ఆ ఎడంచెయ్యి?”

“దానితో నేను మాట్లాడ్డం మానేశాను.”

“హుఁ. సభలో ఇరవై ఏడేళ్ళు కూర్చున్నావుగా, అక్కడ ఏం మాట్లాడావో అది చదువు.”

“దాన్ని అంత విడమరచి చెప్పక్కర్లేదు. జనానికి తెలుసు.”

“ఒక్కసారి మాట్లాడావు.”

“మాట్లాడాను! రికార్డులో ఉంది.”

“‘అధ్యక్షా, వెనక వరసకి వినపడ్డం లేదు.’”

“వినపడలేదు మరి. అదీ ప్రజాసమస్యే. వెనక వరస అంటే పేదవాడి గొంతు అని పత్రికలో రాశారు కూడా. ఆ వారం స్టేషన్లో దిగితే బ్యాండు మేళం పెట్టారు.”

“దిగి, ఆ బ్యాండు వాళ్ళ ముందే వాంతి చేసుకున్నావు.”

“డబ్లిన్ రైలు నాకు పడదు. నీకు తెలుసు. ముప్పై ఏళ్ళయినా పడలేదు. కళ్ళు మూసుకుంటే కడుపులో తిప్పుతుంది, తెరిస్తే ఎదుటి సీట్లో మంత్రి కనపడతాడు.”

“నువ్వు రైల్లో ఉన్నప్పుడు ఇక్కడ జనానికి ఉత్తరాలు ఎవరు రాశారో అది కూడా చదువు. పింఛను రాలేదని ఒకరు, బడి కప్పు కారుతోందని ఒకరు, ఆస్పత్రిలో మంచం దొరకలేదని ఒకరు. వారానికి ముప్పై ఉత్తరాలు. నీ సంతకం కూడా నేనే పెట్టాను.”

“కుడిచేత్తోనా?”

“కుడిచేత్తోనే. నాకు ఆ పట్టింపుల్లేవు. సరేగానీ, ఉపన్యాసంలో కుళాయి సంగతి ఉందా?”

“లేకేం? ఆఖర్న ఉంది. గొంతు ఇక్కడ పెంచాలి, చూడు. ‘ఆరు కౌంటీలు పరాయివాళ్ళ చేతిలో ఉండగా మనం కుళాయిలు అడుగుదామా? ముందు దేశంలోని ముప్పై రెండు కౌంటీలూ ఒక్కటి కావాలి! అప్పుడే డ్రమ్‌కీల్‌కి కుళాయి!’”

“పోయినసారీ ఇదే చెప్పావు.”

“పోయినసారి ఈ మాటకే టోపీలు ఎగరేశారు.”

“ఎగరేసింది మగాళ్ళు. నీళ్ళు మోసేది వాళ్ళు కాదుగా. రోజుకి ఎనిమిది బకెట్లు ఫీలిమ్. ఖాళీవి పట్టుకుని బావికి కొండ దిగాలి, నిండువి పట్టుకుని ఎక్కాలి. వంటకి మూడు, ఆవుకి రెండు, బట్టలకి రెండు, నీ గడ్డానికీ ఒంటికీ ఒకటి.”

“గడ్డం గీసుకోకుండా పార్లమెంటుకి ఎలా వెళ్ళమంటావు?”

“ముప్పై రెండు కౌంటీలూ ఒక్కటయ్యాక గీసుకో.”

“నీతో మాట్లాడలేను. ఆ బూట్లిలా ఇయ్యి. ఆగాగు. నువ్వేంటి, నీలం కోటు తొడుక్కున్నావు? ఇవాళ ఆదివారం కాదే.”

“చలిగా ఉంది.”

“టోపీ కూడానా? పొయ్యి పక్కన నిలబడి?”

“చలి తలకీ వేస్తుంది.”

“డీలియా! నామినేషన్ వెయ్యడానికి నాతో కోర్టు దగ్గరికి వస్తున్నావు కదూ? పదకొండు ఎన్నికల్లో ఒక్కసారీ రాలేదు!”

“వస్తున్నాను.”

“అబ్బో! ముప్పై ఏళ్ళకి నా ఉపన్యాసం వినాలని బుద్ధి పుట్టిందన్నమాట!”

“వస్తున్నానన్నాను. వినడానికి అనలేదు. తలుపు కొడుతున్నారు, తియ్యి.”

“రావయ్యా జేమ్సీ షాన్లీ, రా! మీ నాన్న నా ఏజెంటుగా ఉన్నప్పుడు తొమ్మిదింటికే వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. నువ్వు ఏజెంటువయ్యాక ఎప్పుడూ ఆలస్యమే.”

“దేవుడు ఈ ఇంటిని చల్లగా చూడాలి కమాండెంటుగారూ. అమ్మా, సిద్ధమేనా?”

“నేనెక్కడ సిద్ధం? ఇంకా బూట్ల తాళ్ళు కట్టుకోవాలి.”

“మీకు తొందరేం లేదండి.”

“తొందర లేకపోవడమేంటయ్యా! పన్నెండు కొట్టగానే ఎన్నికల అధికారి తలుపు మూసేస్తాడు.”

“అవునండి. అందుకే అమ్మగార్ని... అంటే... కారు బయటే ఉందండి.”

“నీ మొహమేంటి అలా ఉంది? ఏమైంది?”

“ఏం లేదండి. ఇంకొకరు నిలబడుతున్నారు. స్వతంత్ర అభ్యర్థి. ఊరూరికీ మంచినీళ్ళ పైపులు వేయించాలని.”

“నీళ్ళ కోసమా? నీళ్ళ కోసం ఎన్నికలేంటి! ఎవడు వాడు?”

“వాడు అని... అలా అనలేమండి.”

“పేరేంటయ్యా?”

“నాలిక చివరే ఉందండి.”

“మరి అక్కడెందుకు ఆగింది? బయటికి రమ్మను.”

“టీ తాగుతావా జేమ్సీ?”

“తాగుతానమ్మా. ఎంతిస్తే అంత తాగుతాను.”

“మాట మార్చకు. నేనే చెప్తా ఉండు. బడిపంతులు మక్‌కీన్. వాడే అయ్యుంటాడు. పుస్తకాలు చదివినవాళ్ళతో ఇదే గొడవ. అయినా వాడి మాట బడిలో పిల్లలే వినరు, ఓటర్లు వింటారా?”

“పంతులుగారు కాదండి.”

“అయితే పాలకేంద్రం మేనేజరు. కానీ వాడి పాలల్లోనే సగం నీళ్ళుంటాయి, వాడికి వేరే పైపులెందుకు?”

“ఆయన కూడా కాదండి.”

“పశువుల డాక్టరా? వాడు ఆవుకి జ్వరమొస్తే తప్ప మనిషిని పలకరించడు. ఎలా అడుగుతాడు ఓట్లు, తోక ఎత్తి చూసా?”

“ఫీలిమ్!”

“మరి ఎవరే? నీకేమైనా తెలుసా?”

“టీలో పాలు వెయ్యనా జేమ్సీ?”

“వెయ్యండమ్మా. ఏదైనా వెయ్యండి.”

“వాడెవడైతేనేం, వాడి వెనక ఎవరున్నారు? అది చెప్పు జేమ్సీ.”

“మహిళా సంఘం వాళ్ళండి. నెల్రోజుల్నించి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఒక్కో ఇంటికీ రెండేసి సార్లు.”

“నెల్రోజులా! నాకెవరూ చెప్పలేదే!”

“మీరున్నప్పుడు ఆ మాట ఎత్తొద్దని అనుకున్నారండి.”

“హహ! భయం. నా పేరు వింటేనే భయం. జేమ్సీ, నువ్వేం దిగులు పడకు. ఆడవాళ్ళ ఓట్ల సంగతి చిటికెలో తేలిపోతుంది. ఇవాళ డీలియా నా పక్కన నిలబడుతోంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళకి డీలియా అంటే ప్రాణం. ఆ కోర్టు మెట్ల మీద డీలియా ఒక్కమాట అంటే చాలు, ఆ నీళ్ళాయన నీళ్ళల్లో కలిసిపోతాడు. అంతేకదే?”

“ఫీలిమ్.”

“ఊఁ?”

“కూర్చో.”

“కూర్చుంటే ప్యాంటు నలుగుతుంది.”

“నలగనీ. ఆ నీళ్ళాయన నేనే.”

“...నువ్వా?”

“నేనే.”

“నీళ్ళాయన?”

“ఊఁ.”

“జేమ్సీ, విన్నావా ఈవిడేమంటోందో?”

“విన్నానండి. నెల్రోజుల కిందటే విన్నాను.”

“నామీదా! నామీద నా పెళ్ళామా! ఒకే ఇంట్లోంచి ఇద్దరు అభ్యర్థులా? రేపు కిటికీలో ఎవరి పోస్టరు పెడతాం?”

“ఈ కిటికీలో నీది, ఆ కిటికీలో నాది.”

“పెద్ద కిటికీ ఎవరికి?”

“తుడిచేవాళ్ళకి.”

“ఓటు కాగితం మీద ఇద్దరు గిల్‌రేన్లు! ఎవరు ఎవరో తెలీక జనం తికమకపడరూ?”

“పడరు. అక్షరక్రమంలో నా పేరే ముందొస్తుంది.”

“అది కూడా చూసుకున్నారా! జేమ్సీ, లే! ఆ టీ కింద పెట్టు. మనం పోరాడతాం. కుర్రాళ్ళని పిలు. మైకు కట్టించు. నువ్వు నా ఏజెంటువి, నువ్వు —”

“ఏజెంటునేనండి. నిన్న సాయంత్రం దాకా.”

“దాకా అంటే?”

“ఇవాళ్టినించి అమ్మగారి ఏజెంటునండి.”

“ద్రోహీ! మీ నాన్న బతికుంటే ఏమనేవాడు?”

“మా అమ్మ బతికే ఉందండి. బకెట్లు మోస్తోంది. ఆవిడే పంపించింది నన్ను.”

“ఇంట్లో ద్రోహం, పార్టీలో ద్రోహం. డీలియా, నాకొక్క మాట ముందే చెప్పొచ్చు కదా?”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“ఫిబ్రవరిలో. నాన్ రూనీ మంచులో జారిపడ్డ రోజున. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఫీలిమ్. రెండు చేతుల్లో రెండు బకెట్లు. తుంటి విరిగి ఆ గట్టు మీద పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పడుంది. నేను నీళ్ళకి వెళ్తే కనపడింది. ఆవిడ అన్న మొదటి మాటేంటో తెలుసా?”

“ఏంటి?”

“‘ఒక బకెట్టు ఒలకలేదు డీలియా. అది నువ్వు పట్టుకెళ్ళు’ అంది.”

“నాన్ ఎప్పుడూ అంతే.”

“ఇంటికొచ్చి నీకు చెప్పాను. ఇట్లా ఎన్నాళ్ళు అన్నాను. నువ్వేమన్నావు?”

“ఏమన్నాను?”

“తప్పంతా లండన్ వాళ్ళదన్నావు.”

“అది... మొత్తం తప్పు మాటేం కాదు.”

“గట్టు లండన్ వాళ్ళది కాదు. బకెట్టు లండన్ వాళ్ళది కాదు. మన ఇళ్ళకి పైన కొండ మీద సరస్సు ఉంది. పైపు వేస్తే చాలు, నీళ్ళు వాటంతటవే దిగొస్తాయి, యంత్రం కూడా అక్కర్లేదని ఇంజనీరు రాసిచ్చాడు. ఆ కాగితం నాలుగేళ్ళుగా నీ బల్ల మీద ఉంది.”

“నా బల్ల మీద లేదే?”

“ఉంది. ముప్పై రెండు కౌంటీల పటం కింద.”

“నువ్వు మాత్రం మారిపోయావు డీలియా. ఒకప్పుడు నువ్వూ —”

“నేనేం మారలేదు. మా అమ్మ పరుపు కింద మీ తుపాకులు దాచింది నేను. మీ చీటీలు జడలో పెట్టుకుని పన్నెండు మైళ్ళు సైకిలు తొక్కింది నేను. ఆ ఆరు కౌంటీలూ నాకూ కావాలి. కానీ వాళ్ళొచ్చిన రోజున దాహమేసి మన గుమ్మంలో నిలబడితే ఏమిస్తావు ఫీలిమ్? ఉపన్యాసమిస్తావా? ఓ గ్లాసు మంచినీళ్ళయినా ఉండొద్దూ?”

“మెల్లిగా అను. జేమ్సీ రాసుకుంటున్నాడు.”

“ఇది మైకులో బావుంటుందండి. ఏమనుకోకండి.”

“రాసుకో, రాసుకో. బావుంది కాబట్టే మెల్లిగా అనమన్నాను. ...జేమ్సీ.”

“అయ్యా.”

“ఓట్ల లెక్కలో మీ నాన్న ఎప్పుడూ తప్పలేదు. నువ్వూ తప్పలేదు. నా మొహం చూడకుండా ఉన్నదున్నట్టు చెప్పు. ఈవిడ గెలుస్తుందా?”

“గెలుస్తారండి.”

“మరి నేను?”

“అమ్మా, టీ చల్లారిపోయింది, కాస్త వేడి —”

“జేమ్సీ!”

“ఓడిపోతారండి.”

“కొద్దిలోనా?”

“కొద్దిలో కాదండి. బాగా.”

“బాగా అంటే? మళ్ళీ లెక్కపెట్టండని అడిగేటట్టుగానా?”

“అడిగితే నవ్వుతారండి.”

“ఇదంతా బయట ఊళ్ళల్లో. మన డ్రమ్‌కీల్లో?”

“డ్రమ్‌కీల్లోనే ఇంకా ఘోరంగా ఉందండి.”

“ఒట్టు?”

“మా అమ్మ మీద ఒట్టండి.”

“ఫీలిమ్. ఫీలిమ్, ఇటు చూడు. మొహమెందుకు అటు తిప్పుకున్నావు? భుజాలెందుకలా వణుకుతున్నాయి? జేమ్సీ, కుర్చీ పట్టుకో, పడిపోతాడు. వద్దు ఫీలిమ్, ఏడవకు. నువ్వేడిస్తే నేను చూళ్ళేను. ఇంత బాధపడతావని తెలిస్తే నేనసలు —”

“ఏడుపా, నాకా? లెండి, లెండి. ఇద్దరూ లెండి. పన్నెండుకి ఇరవై నిమిషాలే ఉంది. డీలియా, నీ కాగితం సంచిలో పెట్టుకున్నావా? జేమ్సీ, నాది కూడా పట్టుకో. వంకర్లేకుండా పట్టుకో.”

“కమాండెంటుగారూ, ఇంత చెప్పాక కూడా మీరు నిలబడతారా?”

“నిలబడకపోతే ఓడిపోయేదెలాగయ్యా? నా అంతట నేను మానేస్తే యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెప్పి ద్రోహి అంటారు. జనం ఓడిస్తే మాత్రం ‘అయ్యో పాపం’ అంటారు. ఆ ‘అయ్యో పాపం’ కోసం ముప్పై ఏళ్ళనించీ నేను చెయ్యని పని లేదు డీలియా, ఈ కౌంటీలో ఒక్కడంటే ఒక్కడు నన్ను ఓడించి పుణ్యం కట్టుకోలేదు!”